నాన్న నంబరు

పొద్దున్నే ఆ ఇంట్లో మొదటి పని సింకు కన్నానికి బిరడా పెట్టడం. లెన్సు జారి అందులో పడిందా, ఇక అంతే సంగతులు. ఆ తర్వాత నాన్న సబ్బుతో చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్న కూతురి కళ్లలోంచి రాత్రంతా ఉన్న గట్టి లెన్సుల్ని ఒక్కొక్కటే తీసేవాడు. అరచేతిలో పెట్టుకుని మందునీళ్లతో మెల్లగా రుద్దేవాడు. అవి నిద్రలో నల్లగుడ్డు మీది పొరని కాస్త అదిమి ఉంచుతాయి. పగలంతా పిల్లకి అద్దాలక్కర్లేదు, ఏటేటా ఎగబాకే కంటి నంబరూ నెమ్మదిస్తుంది.

అలా తగ్గిన నంబరు ఎక్కడికి పోతుందయ్యా అంటే, కడిగిన మనిషికి ఎక్కుతుంది. ఆ ఎక్కిన నంబరుకి ఏ అద్దాలూ పనిచెయ్యవు. పిల్ల తనే కడుక్కుంటే తిరిగి తనకే ఎక్కుతుంది. కళ్ల డాక్టరమ్మ ఇదంతా మొదటిరోజే చెప్పింది, కుళాయి నీళ్లు తగలనివ్వొద్దని చెప్పినంత మామూలుగా.

నేను కడుగుతానంది అమ్మ. ఆవిడవి సోడాబుడ్డి అద్దాలు. నంబరు పెరిగీ పెరిగీ ఒక కంటి వెనక తెర ఊడిపోయింది, మిగిలింది ఒక్క కన్ను. పిల్లదీ అదే దారిలా ఉందని విన్నరోజు కడిగే పని నాన్న తన మీద వేసుకున్నాడు. ఇంట్లో మంచి కళ్లు ఆయనొక్కడివే. ఏం లాభం, ఆయన బస్సు డ్రైవరు. కళ్ల పరీక్షలో నీ నంబరెంతని అడిగితే, "ఇరవై ఏడు" అని తన బస్సు నంబరు చెప్పి అందర్నీ నవ్వించే రకం.

మొదట దుకాణాల బోర్డులు అలుక్కుపోయాయి. తర్వాత ఎదురుగా వచ్చే మనుషులు. ఇంకొన్నాళ్లు లాగొచ్చులే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఒక సాయంత్రం కూతురు ఇంటికి ఆలస్యంగా వచ్చింది. బడి దగ్గర స్టాపులో ఎక్కాల్సింది నాన్న బస్సే. గుమ్మంలోంచే అడిగేసింది.

"నాన్నా, నన్ను చూస్తూనే వెళ్లిపోయావు."

"చెయ్యెత్తావా?"

"రోడ్డు మీదికొచ్చి మరీ ఎత్తాను."

రోడ్డు మీదికొచ్చి అంటే, ఇంకో అడుగు వేసి ఉంటే తన బస్సు కిందే.

తెల్లారాక పిల్ల మందునీళ్ల సీసా దాచేసి, ఇవాళ్టి నుంచి నేనే కడుక్కుంటానంది. ఆయన అరచెయ్యి చాపుకుని అలాగే కూర్చున్నాడు.

"బస్సు తోలడానికి ఇంకొకడు దొరుకుతాడు తల్లీ. ఇలా ఇచ్చెయ్."

పిల్ల ఏడుస్తూనే ఇచ్చింది. ఆయన లెన్సులు కడిగి, డిపోకి వెళ్లి తాళాలు అప్పజెప్పాడు. వాళ్లు బస్సులు కడిగే పనిలో పెట్టారు. కడగడం మనకి అలవాటేగా అని జోకేశాడు. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు పొద్దున ఇద్దరూ కలిసే స్టాపుకొస్తారు. ఆయనకి రోడ్డంతా బూడిదరంగు పొగ. ఇవాళ ఏదో మోత వినిపించి కూతుర్ని అడిగాడు.

"నంబరెంతమ్మా?"

"ఇరవై ఏడు నాన్నా."

ఆయన వెంటనే చెయ్యెత్తాడు. బస్సు ఇంకా రాలేదు. చెయ్యి లాగేస్తున్నా దించలేదు. ఎంతకీ రాకపోయేసరికి, పిల్ల దాని నంబరు ఎంత దూరం నుంచి చదివిందో ఆయనకి అప్పుడు తెలిసింది.