కిష్టప్ప చూపిన జాగ

చంద్రబండ చుట్టుపక్కల ఎవరు బోరు వేయించుకోవాలన్నా ముందు కిష్టప్పకు కబురు పోతుంది. ఆయన పొద్దున్నే వస్తాడు, ఇంత చాయ్ తాగుతాడు, చేలో అటూ ఇటూ నడుస్తాడు. మంచి జాగ తగిలిందంటే కాళ్లు జానెడు పైకి లేస్తాయి. రైతు గబగబా ఆ కిందే రాయి పెట్టి బోరు లారీకి ఫోను చేస్తాడు. కల్మలలో ఒకసారి ఏకంగా మూరెడు లేచాడు, దిగడానికి పూటంతా పట్టింది. పాపం, సద్ది కూడా గాల్లోనే తిన్నాడు. నలభై ఏళ్లలో ఒక్క జాగ తప్పు చెప్పలేదు. ఆయన ఇల్లు గడిచేదీ ఆ పేరు మీదే.

అందుకే రాకెట్టు వాళ్లూ ఆయన దగ్గరికే వచ్చారు. వానమబ్బుల సంగతి కనుక్కునే చిన్న రాకెట్లు ఎగరేయడానికి వాళ్లకో జాగ కావాలట. సర్వే చేసే అంబరీశ్ రాయచూరు పిల్లగాడే. యరమరస్ వైపు చూస్తే పొగగొట్టాలు అడ్డం, కల్మల రోడ్డు చూస్తే బండ్ల రద్దీ. చివరికి చంద్రబండలో రెండు జాగలు మిగిలాయి. ఒకటి ఊరి బయట బీడుగా పడున్న మొరం గడ్డ, రెండోది దాని పక్కనే చెన్నవ్వ మూడెకరాల పత్తి చేను.

"మిషన్లు రెండిటికీ ఒకటే మార్కులిచ్చినయి పెద్దయ్యా. ఇగ నువ్వెట్లంటే గట్ల," అన్నాడు అంబరీశ్.

మొగుడు పోయినంక చెన్నవ్వకు ఆ చేను తప్ప వేరే దిక్కు లేదు. చేను పోతే ఆమె ఎక్కడికని పోతుంది?

కిష్టప్ప ఆమె చేను గట్టు దాటకముందే అంగీ జేబుల నిండా రాళ్లు నింపుకున్నాడు. అయినా చేను నడిమికి వచ్చేసరికి మడమలు నేల విడిచాయి. ఓరి దేవుడా, గిప్పుడే రావాల్నా ఇది అనుకుంటూ కాలివేళ్లతో మట్టిని గట్టిగా పట్టుకున్నాడు. ఇంకొంచెముంటే లేచేవాడే.

చెన్నవ్వ చూసింది. ఆయన లేస్తే చేను పోయినట్టేనని ఆమెకూ తెలుసు. ఏరుతున్న పత్తి అక్కడే వదిలి పరుగున వచ్చింది. ఆయన రెండు భుజాల మీదా చేతులు వేసి, ఉన్న బలమంతా పెట్టి కిందికి నొక్కింది.

"అన్నా..." అంది.

"ఇడువకు చెల్లె," అన్నాడు కిష్టప్ప.

"ఏమైంది పెద్దయ్యా?" గట్టు మీది నుంచి అంబరీశ్ కేకేశాడు.

"ఏం లే సార్, మోకాళ్లు పట్టేసినయి. ఈ జాగ పనికి రాదు. అటు నడువుండ్రి!"

మొరం గడ్డ మీద కాళ్లు ఉలకలేదు, పలకలేదు. కిష్టప్ప కళ్లు మూసుకుని, ముసలి ప్రాణానికి చేతనైనంత ఎత్తు తానే ఎగిరాడు. ఛీ, ఏం బతుకురా అని సిగ్గుతో చచ్చిపోయాడు. అంబరీశ్ మాత్రం నవ్వలేదు. కిష్టప్ప చెప్పాక ఇంకేముంటుంది? అక్కడే హద్దురాయి పాతించాడు.

వారం తర్వాత యరమరస్‌లో జయరామయ్య బోరు కోసం పిలిచాడు. కిష్టప్ప చేనంతా మూడుసార్లు తిరిగాడు. కాళ్లు లేవలేదు. పక్క చేలోనూ అంతే.

"తబియత్ బాగ లేదా కాకా?" అన్నాడు జయరామయ్య.

"ఇగ నన్ను పిలవకుండ్రి నాయనా. నాతోని గాదు," అని బస్సెక్కాడు. దారిపొడుగునా ఏడుపు ఆగలేదు.

బస్సు దిగి ఇంటికి పోలేదు, నేరుగా చెన్నవ్వ చేనికి పోయాడు.

"రేపటి సంది కూలికి వస్త చెల్లె. పెట్టుకుంటవా?"

"నువ్వు కూలికి వచ్చుడేందన్నా!" అని నవ్వబోయి ఆమె ఆయన కాళ్ల వంక చూసింది. అదే చేను నడుమ, అదే చోట, రెండు పాదాలూ మట్టిలో దిగబడి ఉన్నాయి.

చెన్నవ్వకు దుఃఖం పొంగుకొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"కూలికెందుకన్నా," అంది. "పాలుకు రా. సగం చేను నీదే."