ఎడమ పిక్క

మర్దన లైసెన్సు పరీక్ష ఒడెట్ అప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి మధ్యలో దుప్పటి జారింది. రెండోసారి ఒంటిమీద చెయ్యి వేసే ముందు అనుమతి అడగడం మరిచిపోయింది. ఈసారీ తప్పితే చదువంతా మళ్లీ మొదటికొస్తుంది. ఏళ్ల తరబడి పీతల ఫ్యాక్టరీలో డిప్పలు పగలగొట్టిన చేతులవి. మళ్లీ ఆ చలిగదిలోకి వెళ్లడమంటే ఆమెకు చావుతో సమానం.

బల్లమీద పడుకునే మనిషిని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. ఒడెట్ తన మొగుడు రేయల్‌ను తెచ్చుకుంది. లారీ డ్రైవరు, క్యూబెక్ దాకా వెళ్లి అంతకు ముందురోజే ఇల్లు చేరాడు.

"ఎక్కడైనా నొప్పి, వాపు ఉన్నాయా?" పద్ధతి ప్రకారం అడిగింది.

"గుర్రంలా ఉన్నా. కానియ్," అన్నాడు.

మూలన కుర్చీలో పరీక్ష పెట్టే మెకైజాక్ మేడమ్ పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహాన నవ్వన్నది పుట్టి ఎన్నేళ్లయిందో!

వీపు అయింది, కుడికాలు అయింది. దుప్పటి కదల్లేదు. గండం గట్టెక్కినట్టే అనుకుంటూ ఎడమకాలి మీది దుప్పటి మడిచి, అడిగి, పిక్కమీద అరచెయ్యి ఆనించింది. సలసల కాగిపోతోంది. కుడిదానికంటే లావుగా వాచి, బిగుసుకుపోయి ఉంది.

ఒడెట్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, రుద్దిన మరుక్షణం ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

"ఆగావేం?" బోర్లా పడుకునే గొణిగాడు రేయల్. "పైపైన చేసెయ్యవే. ఆవిడకేం తెలుస్తుంది?"

"టైమైపోతోంది," అంది మెకైజాక్.

పైపైన నాలుగుసార్లు చేతులాడిస్తే చాలు, లైసెన్సు వచ్చేస్తుంది. ఆశ ఎంత పాపిష్టిదంటే, ఆమె చేతులు నిజంగానే ముందుకు కదిలాయి. అంతలోనే వెనక్కి లాక్కుని దుప్పటి కప్పేసింది.

"ఈ కాలు నేను ముట్టను. అంబులెన్సును పిలవండి."

మెకైజాక్ పెన్ను పడేసి ఫోను అందుకుంది.

"ఎప్పట్నుంచి?" మొగుణ్ని అడిగింది ఒడెట్.

"నిన్నట్నుంచి. చెబితే నన్ను తెచ్చేదానివా? మనిషి దొరక్క పరీక్షే మానేసేదానివి."

"వెధవా! నా చేతుల్లోనే పోయేవాడివి!" అంటూ భోరుమంది.

స్ట్రెచర్ మీదినుంచి కూడా రేయల్ తల తిప్పి, "మేడమ్, మా ఆవిడ పాసేనా?" అన్నాడు.

"పాసే! ముందు నువ్వు బతుకు నాయనా!" అని కేకేసింది మెకైజాక్.

ఒడెట్‌కు అదేమీ చెవికెక్కలేదు. చెప్పులైనా వేసుకోకుండా అంబులెన్సు ఎక్కేసింది.

"కాలు లాగేస్తోందే," దారిలో మూలిగాడు రేయల్. "కాస్త పిసకవూ?"

"చంపేస్తాను," అని, అతని చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.