పన్నెండో వరుస

డ్రాయింగు మాస్టారే అన్యాయం చేశాడని రాళ్లు చెక్కే మేస్త్రీ ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాడు. ఆ పొద్దున కూడా, యుద్ధంలో పోయిన ఊరివాళ్ల స్తంభం ముందు గొంతుక్కూచుని, వెలిసిపోయిన అక్షరాల్లో నల్లరంగు నింపుతూ, టీ కొట్టువాడితో అదే అన్నాడు.

"పదకొండు పేర్లకే గీశాడు మహానుభావుడు. బదిలీ చేయించుకుని చక్కా పోయాడు. మాటలు పడేది నేను."

"నీకు మాటలు కొత్తా?" టీ కొట్టువాడు గ్లాసు మెట్టు మీద పెట్టి పోయాడు.

మూడు మెట్లు, వాటి మీద నిలువెత్తు రాయి. పేర్లన్నీ కలిసి దీపశిఖలా కనిపించాలని మాస్టారి ఆలోచన. పైన పొట్టి పేరు, నడుమ పొడుగువి, అడుగున మళ్లీ పొట్టివి. పదకొండో పేరు కింద నున్నటి ఖాళీ. అరచేత్తో తడిమితే అక్కడ కొద్దిపాటి పల్లం. అది తన చేతికి తప్ప ఎవరికీ తెలియదని మేస్త్రీ ధీమా.

నిజానికి మాస్టారు గీసిన పన్నెండో పేరు రెండక్షరాలది. మొదటిది బాగానే దిగింది. రెండోదానికి మేస్త్రీ చేతిలో ఉలి జారి పెచ్చు లేచింది. తెల్లారితే ఆవిష్కరణ. రెండక్షరాలూ అరగదీసి, మాస్టారి కాగితం పొయ్యిలో పెట్టి, గీసింది ఇంతేనన్నాడు. ఆ పేరుగల కుర్రాడు పోయింది సైనిక శిబిరంలో జ్వరంతో గదా, లెక్కలోకి రాలేదేమోలే అని పెద్దలు సర్దుకున్నారు.

కుర్రాడి తల్లి బట్టలు కుట్టేది. రోజూ ఎండ రాతి మీద పడకముందే తడిగుడ్డతో వచ్చి, పదకొండుమంది పరాయి బిడ్డల పేర్లూ తుడిచి పోయేది. "నువ్వేం చేస్తావు నాయనా, గీసినవాడి చేతికే పొదుపెక్కువ" అని నవ్వేది. ఆ నవ్వు మేస్త్రీకి ముద్ద మింగుడు పడనిచ్చేది కాదు.

ఈ రోజు చెప్పెయ్యాలనుకున్నాడు. సన్న ఉలి కూడా నూరి తెచ్చాడు.

ఎండ మూడో పేరు దాకా దిగింది. ఆమె రాలేదు. కూతురు వచ్చింది, చేతిలో గుడ్డతో.

"అమ్మ ఇందాక పోయిందన్నా."

మేస్త్రీ చేతిలో కుంచె ఆగింది. "నిద్రలోనా?"

"కాదు. లేచి గుడ్డ తడిపింది. కాళ్లు ఆడట్లేదే, నువ్విచ్చి రా అంది. నేను చెప్పులేసుకునేలోపే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆమె ఆఖరి పని గదా, ఇది ఇచ్చేసి పోదామని."

"ఇంకేమన్నా అందా?"

"పదకొండో పేరు కింద పల్లంలో దుమ్ము చేరుతుందట. రంగేసే ముందు అక్కడ కాస్త గట్టిగా తుడవమని నీకు చెప్పమంది. పల్లమేంటో నాకు తెలీదు."

గుడ్డ మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రీ ఉలి తీశాడు. పల్లంలో ఆనించి, మళ్లీ తీసేశాడు.

జానెడు పొడవు, నాలుగు వేళ్ల ఎత్తు. పన్నెండో పేరుకి అంత జాగా. దాని కింద మెట్టు మీద, నాలుగంచులూ మడిచి కుట్టిన గుడ్డ, ఇంకా తడి ఆరకుండా.