పెట్టిన బట్టలు

బాలకిషన్ బకెట్లో గుడ్డ ముంచి, పిండి, కారు వెనక అద్దం తుడుస్తున్నాడు. లాల్‌దర్వాజా గల్లీలోకి ఇంకా ఎండ దిగలేదు. నల్లా వచ్చే వేళ కాబట్టి ఇంటింటి ముందూ బిందెల చప్పుడు. అద్దమయ్యాక డిక్కీ, తర్వాత వెనక తలుపులు. తలుపు పిడుల సందుల్లో వేలికి గుడ్డ చుట్టి మరీ తుడిచాడు.

అది లేత నీలం రంగు పాత ఫియట్. వెనక నుంచి చూసినవాళ్ళకు ఇప్పుడే ఎటో బయలుదేరబోతున్నట్టు కనిపిస్తుంది. ముందుకు వస్తే బానెట్ మడతపడి ఉంటుంది. ఒక లైటు ఉండాల్సిన చోట గుంట. బాలకిషన్ ముందు తలుపుల దాకా తుడిచి, అక్కడ ఆగి, గుడ్డ పిండేస్తాడు. ఆ పైన చెయ్యి వెయ్యడు.

"నడవని బండికి రోజు తానమెందుకయ్యా? ఆ నీళ్ళు నాకిస్తే గిన్నెలన్న కడుగుకుంట" అంది గడపలోంచి భార్య ఆండాలు.

"అలవాటే" అన్నాడతను.

బాలకిషన్ వయసు యాభై దాటింది. పెళ్ళికి ముందు నుంచే పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం సేటు దగ్గర డ్రైవరు. సేటు కొత్త మారుతి కొన్నప్పుడు ఈ ఫియట్‌ను అతనికి అమ్మి, మూడేళ్ళు జీతంలోంచి పట్టుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజు ఆండాలు కోసం అలవాటుగా వెనక తలుపు తెరిచి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేనేమన్న సేటమ్మనా?" అని ఆండాలు పడిపడి నవ్వింది. నవ్వుతూనే వెనక కూర్చుంది. దసరాకు, ఉగాదికి చార్మినార్ చుట్టూ ఒక తిరుగుడు, అంతే వాళ్ళ షికారు. మిగతా రోజుల్లో ఆ కారు గల్లీది. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి తండ్రిని దవాఖానకు తీసుకుపోవాలన్నా బాలకిషన్ తలుపే తట్టేవారు. కిరాయి ఇస్తామంటే ఊరుకునేవాడు కాదు.

మాఘమాసంలో రవీందర్ కూతురు స్వీటీ పెళ్ళయింది. రవీందర్‌కు గల్లీ చివర మోటారు వైండింగ్ దుకాణం. బాలకిషన్‌ను సొంత అన్నలా చూస్తాడు. బాలకిషనే పిల్లను ఫియట్‌లో తీసుకుపోయి షాద్‌నగర్‌లో అత్తగారింట దింపి, ఒక్కడే తిరిగి వస్తుంటే, దారి పక్కన ఆగి ఉన్న ఇసుక లారీ ఉన్నట్టుండి వెనక్కి వచ్చింది. అతని కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. కారు మాత్రం తాళ్ళు కట్టించుకుని గ్యారేజీ చేరింది.

బీమా కడుతూనే ఉన్నాడు కాబట్టి ఫికర్ లేదనుకున్నాడు. బీమావాళ్ళ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడు, చాయ్ తాగాడు. మాటల మధ్య "పెళ్ళివాళ్ళు ఏమన్నా ఇచ్చారా?" అని అడిగాడు. "ఇయ్యకుంట ఉంటరా సార్! కుర్చీల కూసోబెట్టి, బొట్టు పెట్టి, ఇద్దరికి బట్టలు పెట్టిండ్రు" అన్నాడు బాలకిషన్ సంతోషంగా. ఆండాలు లోపలికి పోయి పెట్టెలోంచి చీర తెచ్చి చూపించింది కూడా. అతను అంతా రాసుకున్నాడు. నెల తిరిగేసరికి క్లెయిమ్ ఇవ్వబోమని జాబు వచ్చింది.

గ్యారేజీవాడు జాగా ఖాళీ చెయ్యమంటే కారును ఈడ్పించుకొచ్చి ఇంటి ముందు పెట్టాడు. బీమా రాకపోతే బాగు చేయించే దారి లేదు. పాత ఇనుము కొనే కబాడీవాడు ఇప్పటికి రెండుసార్లు వచ్చి, టైర్లను కాలితో తన్ని చూసిపోయాడు.

"అంగి ఇస్త్రీ చేసిన. గిది తొడుక్కపో. పెద్ద ఆఫీసు గదా" అని, బకెట్ లోపల పెట్టి వచ్చిన అతనికి ఆండాలు చొక్కా ఇచ్చింది. గోధుమ రంగు, సన్న గీతలు. రవీందర్ పెట్టిన గుడ్డే. అతనికున్న వాటిలో మంచి చొక్కా అదొక్కటే.

సేటును దుకాణం దగ్గర దింపి, మధ్యాహ్నం దాకా సెలవడిగి, బస్సెక్కి ఆబిడ్స్‌లో బీమా ఆఫీసుకు పోయాడు. ఇది మూడోసారి. విమలాదేవి అనే ఆఫీసరు అతన్ని గుర్తుపట్టి కూర్చోమంది. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, నెమ్మదస్తురాలు.

"బాలకిషన్ గారూ, మీరు డబ్బు తీసుకోలేదని నాకూ తెలుస్తూనే ఉందండి. కానీ సొంత బండిని కిరాయికి తిప్పితే క్లెయిమ్ రాదు. బట్టలు పెట్టారని మీరే చెప్పారు. మావాళ్ళు దాన్ని కిరాయి కింద కట్టారు."

"బట్టలు కిరాయెట్లయితయి మేడమ్? మేనమామకు పెడ్తరు, పెండ్లి చేసే అయ్యగారికి పెడ్తరు. గట్లనే పిల్లను తోలుకపోయే బండికి బొట్టు పెట్టి, నడిపేటోనికి బట్టలు పెడ్తరు. మీ దిక్కు పెట్టరా?"

"పెడతారండీ. మా చెల్లి పెళ్ళికి మేమూ పెట్టాం" అని ఆమె నవ్వింది. నవ్వు పోయాక కాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "ఒక పని చెయ్యండి. ఏమీ ఇవ్వలేదని పెళ్ళికూతురి తండ్రి చేత రాయించుకురండి. నేను మళ్ళీ పైకి పంపిస్తాను. ఈ వారంలోనే తేవాలి. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

"ఇచ్చిండ్రు గదా మేడమ్."

ఆమె కళ్ళు అతని చొక్కా మీద ఆగాయి. "ఇదేనా?" అంది మెల్లగా.

బాలకిషన్ తెలియకుండానే జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో రవీందర్ దుకాణం ముందు నిలబడ్డాడు. రవీందర్ ఫ్యాను మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు అతన్ని ఎవరూ పలకరించరు. లెక్క తప్పితే అంతా విప్పాల్సిందే. బాలకిషన్ స్టూలు మీద కూర్చుని, అడగాల్సిన మాటను ఒకటికి పదిసార్లు మనసులో అనుకున్నాడు.

తీగ తెంపి రవీందర్ తలెత్తాడు. మొహం విచ్చుకుంది.

"అరె బాలన్నా! అంగి మస్తుగున్నది! ఎట్లుంది నా పసందు? పత్తర్‌గట్టిల దుకానం దుకానం తిరిగిన. మీ సేటు తాన గూడ పోయిన. పైస తగ్గియ్యడాయె, పిసినారోడు!"

బాలకిషన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మేడమ్ చెప్పినదంతా, ఒక్క మాట దాచకుండా, నేల చూస్తూ చెప్పాడు.

రవీందర్ చేతిలోని తీగ ముక్కను వంచి, మళ్ళీ సాపు చేశాడు.

"అంటే, ఉత్తచేతులతోని నా బిడ్డను నీ బండిల ఎక్కిచ్చిన అని రాయాల్నా?"

"కాయితం మీదనే తమ్మీ. ఎవ్వరికి తెల్వది."

"నాకు తెలుస్తది గదన్నా." రవీందర్ గొంతు పెంచలేదు. "పెండ్లిల మా బామ్మర్దులు ఏమన్నరో ఎర్కేనా? వీనికి బండి మాట్లాడే తాకత్ గూడ లేదు, దోస్తు బండి అడుక్కొచ్చుకున్నడన్నరు. అందుకే అందరి ముందట నిన్ను కుర్చీల కూసోబెట్టిన. నీ చేతుల బట్టలు పెట్టినంక ఒక్కడు నోరు తెరువలే."

ఎవరో చేతిలో మిక్సీ పట్టుకుని దుకాణం ముందుకు వచ్చారు. బాలకిషన్ లేచాడు.

"పోనియ్యి తమ్మీ. నేను అడగలేదనుకో."

రవీందర్ మిక్సీ అందుకున్నాడు.

సాయంత్రం సేటును ఇంట్లో దింపి, మారుతిని కడిగి, తాళాలు కొక్కేనికి తగిలించి ఇంటికి వచ్చేసరికి దీపాల వేళయింది. చొక్కా కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చున్నాడు. ఆండాలు ఏమైందని అడిగితే చెప్పాడు. ఆమె బియ్యం చాట పక్కన పెట్టింది.

"అడగకుంటుండాల్సింది" అంది. మళ్ళీ "అడగకుంటె ఎట్ల గాని" అని తనే అంది.

రవీందర్ ఎప్పుడొచ్చినా గల్లీ మలుపులోనే "వదినే, చాయ్ పెట్టు!" అని కేక వేస్తాడు. వచ్చి, ఫియట్ డిక్కీ మీద దబ్‌మని ఒక దెబ్బ వేసి గానీ లోపలికి రాడు. ఈరోజు కేకా లేదు, దెబ్బా లేదు. చెప్పులు విడిచిన చప్పుడు విని తలెత్తితే గడపలో నిలబడి ఉన్నాడు. నాలుగు మడతల కాగితం తీసి, స్టూలు మీద చెంబు కింద పెట్టాడు.

"రాసిన. దస్కత్ చేసిన" అన్నాడు. "ఏమియ్యలేదని రాసిన గాబట్టి ఏమియ్యనట్టే ఉండాలన్నా. నేను ఇప్పటిదాంక అబద్ధానికి దస్కత్ పెట్టలే."

ఆండాలుకు ముందు అర్థం కాలేదు. బాలకిషన్‌కు అర్థమైంది. వద్దు, చింపెయ్ తమ్మీ అనడానికి నోరు తెరిచాడు. తెరిచిన తలుపులోంచి వీధి దీపం కింద ఫియట్ వెనక భాగం కనిపించింది. పొద్దున తుడిచిన అద్దం మెరుస్తోంది. అతని కళ్ళు అక్కడ ఒక్క క్షణం ఎక్కువ నిలిచాయి. తిరిగి చూసేసరికి రవీందర్ ఆ చూపునే చూస్తున్నాడు.

బాలకిషన్ చేతులు చొక్కా గుండీల మీదికి పోయాయి. పై గుండీ బిగుతుగా ఉండి త్వరగా ఊడలేదు. చొక్కా తీసి, దాని చేతులు లోపలికి మడిచి, బనీనుతో నిలబడ్డాడు.

"చెమటయింది. పిండి ఇస్తనాగు రవీందర్" అంది ఆండాలు, ఏడుపు ఆపుకుంటూ.

రవీందర్ తల అడ్డంగా ఊపి చెయ్యి చాపాడు.

ఆమె పెట్టెలోంచి చీర తెచ్చింది. ఆకుపచ్చది. బోనాల పండుగకు కట్టుకుంటానని దాచుకుంది, మడత కూడా విప్పలేదు. దాని మధ్యలోంచి రవిక జారి మంచం మీద పడింది. రవీందర్ దాన్ని తీసుకోబోయి, చేతులూ మెడా కుట్టి ఉండడం చూసి ఆగిపోయాడు. వేలితో ముట్టకుండానే వెనక్కి జరిగాడు. చొక్కాను చీరలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆండాలు పొయ్యి మీద చాయ్ గిన్నె పెడుతుండగానే గడప దాటి, చెప్పులు వేసుకుని, ఫియట్‌కు అవతలి గోడ వెంట నడిచి వెళ్ళిపోయాడు.

చెంబు కింద కాగితం గాలికి అంచు లేపుతోంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టలేదు. మంచం మీద, ఆండాలు కొలతలకు కుట్టిన ఆకుపచ్చ రవిక పడి ఉంది. చేతి అంచున దర్జీ గీసిన సుద్ద గీత ఇంకా తెల్లగానే ఉంది.