వాళ్ళలో మీకు తెలిసినవాళ్ళు

ఆమెను ఇంటా బయటా అందరూ ఆరా అనే పిలుస్తారు. అది పేరు కాదు, బిరుదు. పక్కింటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, వెళ్ళేటప్పుడు మూతి ముడుచుకుని ఎందుకు వెళ్ళారు అని ఆరాలు తీయందే చిన్నప్పుడు ఆ పిల్లకి ముద్ద దిగేది కాదట. పెళ్ళయి అత్తింటికొస్తే బిరుదూ వెంటే వచ్చింది. చివరికి అదే అన్నం పెట్టింది. ఎన్నికల సర్వేలు చేసే ఆఫీసులో, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళని ప్రశ్నలడగడం ఆమె ఉద్యోగం. ఆరాలు తీసినందుకు జీతం కూడా ఇస్తారంటే మొదట్లో నమ్మబుద్ధి కాలేదు ఆమెకి.

నంబర్లు కంప్యూటరే కలుపుతుంది. ప్రశ్నలు తెరమీద ఉంటాయి. వాటిని దాటి ఒక్క మాట అడగకూడదు, తెలిసిన గొంతు వినబడితే వెంటనే ఫోన్ పెట్టేయాలి. ఇవీ నియమాలు. ఆరాకి బాగా నచ్చిన ప్రశ్న ఒకటుంది: "అవతలి పార్టీకి ఓటేసేవాళ్ళు నమ్మి వేస్తున్నారా, మోసపోయి వేస్తున్నారా, అమ్ముడుపోయి వేస్తున్నారా?"

చిత్రమేమిటంటే, ఈ పార్టీవాళ్ళూ ఆ పార్టీవాళ్ళూ అవే మాటలు చెప్పేవాళ్ళు, నాయకుడి పేరు మార్చి. రోడ్డు గుంటలు పడితే తమ నాయకుడికి పాపం తెలియదు, కింద ఉన్నవాళ్ళు తినేశారు. అదే గుంట అవతలి నాయకుడి హయాంలో పడితే తిన్నది సాక్షాత్తూ ఆయనే! ఒకావిడైతే, "వాళ్ళందరూ దొంగలేనమ్మా, మా మేనత్త ఒక్కతే అమాయకురాలు" అంది. మేనత్తల్ని రాసుకోవడానికి తెరమీద గడి లేదు. మనుషులు ఇలా ఎలా ఆలోచిస్తారా అని ఆరా బస్సులో వెళ్తూ కూడా ఆలోచించేది.

ఆ విడ్డూరం చూడ్డానికి అంతదూరం పోనక్కర్లేదు, ఆమె ఇంట్లోనే ఉంది. కింది వాటాలో ఆరా, ఫ్రిజ్‌లు బాగుచేసే ఆమె భర్త. పై వాటాలో బావగారు, తోడికోడలు. బావగారు డ్రైవింగ్ నేర్పుతారు. మెట్లు మాత్రం కింది హాల్లోంచే. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పటి నుంచీ ఎడ్డెమంటే తెడ్డెమే, అయినా ఒకరినొకరు వదిలి ఉండింది లేదు. పోయిన ఎన్నికలప్పుడు మాత్రం మాట తూలింది. "దొంగ చేతికి తాళాలిచ్చే రకం నువ్వు" అన్నాడు తమ్ముడు. "అమ్ముడుపోయినవాడితో నాకు మాటలేంటి?" అన్నారు బావగారు. అంతే, అప్పట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు వ్యవహారం గోడదాకా వచ్చింది. హాల్లో మెట్లు మూసేసి, పైవాళ్ళకి బయటి నుంచి ఇనప మెట్లు వేయిస్తారట. మేస్త్రీ రేపే వస్తానన్నాడు.

ఆరాకి ఏడుపొస్తోంది. గోడంటూ లేస్తే మళ్ళీ ఎవరు పడగొడతారు? తోడికోడలితో చెప్పుకుందామంటే ఆవిడా కళ్ళు తుడుచుకోవడమే.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కంప్యూటర్ ఒక నంబరు కలిపింది.

"నమస్కారమండీ, ఎన్నికల సర్వే నుంచి మాట్లాడుతున్నాం. రెండు నిమిషాలు తీసుకోవచ్చా?"

"అడుగమ్మా, మా నాయకుడి గురించైతే రెండు గంటలైనా చెప్తా!"

బావగారు! ఆఫీసులో ఆరా గొంతు తేనె పూసినట్టు ఉంటుంది కాబట్టి ఆయన పోల్చుకోలేదు. ఫోన్ పెట్టేయాలి, నియమం. వేలు బటన్‌దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆరా అన్న బిరుదు ఊరికే వస్తుందా మరి!

అవతలివాళ్ళు ఎందుకు ఓటేస్తున్నారని అడిగింది.

"అమ్ముడుపోయి. అందులో అనుమానమేముంది? అందరూ ఆ తానులో ముక్కలే."

తెరమీద మిగిలిన ఆఖరి ప్రశ్న అడిగింది. "వాళ్ళలో మీకు బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?"

"లేరు. అలాంటివాళ్ళతో నాకేం పని?"

ఒక్క కడుపున పుట్టినవాణ్ణి లెక్కలోంచే కొట్టేశారా? ధన్యవాదాలు చెప్పి పెట్టేయాల్సింది. నోరు ఊరుకోలేదు.

"మరి మీ తమ్ముడుగారో?"



"నాకు తమ్ముడున్నాడని నీకెవరు చెప్పారు?" అని, "ఆరా! నువ్వా?" అన్నారు.

"నేనే బావగారూ. తప్పే, తిట్టండి. కానీ ఎవరూ లేరన్నారే, మరి ఆయనెవరు?"

"వాడి సంగతి వేరు."

"ఎలా వేరు? ఆయన ఓటూ అటే కదా?"

"వేస్తే వేశాడు! నువ్వడిగింది వాళ్ళ గురించి కదమ్మాయ్. వాడు వాళ్ళలో ఎలా కలుస్తాడు? వాడు మనవాడు." ఆయన ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం ఆరా ఇంటికొచ్చేసరికి భర్త టేపు పట్టుకుని మెట్ల దగ్గర గోడకి కొలతలు తీసుకుంటున్నాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా, ఆఫీసు గొంతుతోనే అడిగింది. "అవతలి పార్టీకి ఓటేసేవాళ్ళలో మీకు బాగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?"

"ఎందుకు లేరూ? నెత్తిమీదే కాపురముంటున్నాడుగా మా అన్న! వాళ్ళలో మొదటివాడు వాడే."

"ఇవాళ ఇదే ప్రశ్న బావగారిని అడిగాను. ఎవరూ లేరన్నారు."

"చూశావా! తమ్ముడనేవాడే లేడన్నమాట. మేస్త్రీని పొద్దున్నే రమ్మంటాను."

"పూర్తిగా వినండి ముందు. మీరు వాళ్ళలో ఎలా కలుస్తారని కోప్పడ్డారు. మనవాడు అన్నారు."

టేపు చప్పుడు చేస్తూ లోపలికి చుట్టుకుపోయింది. అతను ఆమె వంకే చూశాడు.

"మావాడన్నాడా, మనవాడన్నాడా?"

మావాడంటే పరాయివాళ్ళకి చెప్పుకునే మాట, వినేవాళ్ళకి అందులో చోటుండదు. ఆ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు, పాలు తాగే వయసులోనే వంటబడుతుంది.

"మనవాడనే."

"సరిగ్గా విన్నావా?"

"వినడమే కదండీ నా ఉద్యోగం!"

అతను మెట్టుమీద కూలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. "అడగ్గానే నేను వాడి పేరే చెప్పాను కదే," అన్నాడు. "ఆలోచించనైనా లేదు."

అతన్ని చూస్తే ఆరాకి జాలేసింది. కాసేపటికి అతను మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దన్నాడు. ఎల్లుండి రానా అని మేస్త్రీ అడిగినట్టున్నాడు, "ఎల్లుండీ వద్దు, ఎప్పుడూ వద్దు" అని కసిరి, మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

పైన మొదట కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా కేకలు! "మీవాడు వేసిన రోడ్డు చూపించు!" "మీవాడు తిన్నది కక్కమను ముందు!"

తోడికోడలు గాభరాగా కిందికి పరుగెత్తుకొచ్చింది. "మళ్ళీ మొదలెట్టారే! రా, పోయి ఆపుదాం."

ఆరా ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్టుమీద కూర్చోబెట్టింది. "ఆపకక్కా, నీకు పుణ్యముంటుంది. మాట్లాడుకుంటున్నారు."