దుర్గాంబ హస్తవాసి

షాహీన్ మోటారు సైకిళ్ళు అమ్ముడుపోకపోవడానికి కారణం దుర్గాంబ హస్తవాసి. ఆ ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయిన విషయం. ఎవరూ రుజువు చేయలేదు. రుజువు కావాలని ఎవరూ అడగలేదు కూడా.

అమీర్‌పేట ఇంట్లో, శుక్రవారం పొద్దున, పెసరట్లకు పిండి రుబ్బుతూ దుర్గాంబ ఆ మాటే తలచుకుంటోంది. అట్లు ఇంట్లో అందరికీ. ఆమెకు కాదు. ఆమెకు శుక్రవారాలు పస్తు. చేతి చలవ తిరిగి రావాలని అత్తగారు ఆమె తరఫున మొక్కిన మొక్కు. తెల్లవారకముందే తలస్నానం చేసి, బల్కంపేట ఎల్లమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసి, తిరిగొచ్చి అందరికీ టిఫిన్లు పెట్టి, సాయంత్రం దీపం వెలిగించేదాకా మంచినీళ్ళతో ఉండాలి. మోటారు సైకిళ్ళు తయారు చేసేది బాలానగర్ ఫ్యాక్టరీ. అమ్మేది మొగుడు కృష్ణమోహన్. కడుపు మాడ్చుకునేది దుర్గాంబ.

పంజగుట్టలో ఆ షోరూము మామగారు పెట్టింది. షాహీన్ అంటే అప్పట్లో మాటలు కాదు. పేరు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూసేవారు. బండి డెలివరీ ఇచ్చే రోజున కొత్త కోడలు దుర్గాంబ చేత హారతి ఇప్పించారు. ఆ ఏడు అమ్మకాలు బాగా సాగాయి. దాంతో అది ఆనవాయితీ అయి కూర్చుంది. పొయ్యి మీద పులుసు మరుగుతుండగా షోరూము నుంచి ఫోను వచ్చేది. పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని ఆటో ఎక్కేది. ట్యాంకు మీద కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి తిప్పి, తాళం చేతిలో పెట్టేది. సాయిబుల బండి అయితే హారతి లేకుండా మిఠాయి ఇచ్చి తాళం ఇచ్చేది. కిక్కు కొట్టగానే లేచే నీలం పొగ చీరకు పట్టి, ఉతికినా వదిలేది కాదు. ఇంటికొస్తే, "పులుసు సగంలో వదిలేసి ఎక్కడ ఊరేగుతున్నావు?" అనేది అత్తగారు.

ఒక్క సంగతి మాత్రం దుర్గాంబకు ఇప్పటికీ మింగుడుపడలేదు. నెలలో ఆమె బయట చేరిన రోజుల్లో డెలివరీలు ఆపేవారు. ఆ సంగతి షోరూములో గుమాస్తాకు తెలుసు, మెకానిక్కులకు తెలుసు, చివరికి ముక్కూ మొహం తెలియని కస్టమర్లకూ తెలుసు. "మేడం గారు ఇప్పుడు రాకూడదండీ, సోమవారం తీసుకెళ్ళండి" అని గుమాస్తా చెబుతుంటే వాళ్ళు తల ఊపి వెళ్ళేవారు. ఆ తర్వాతి వారం వాళ్ళ ముందే ఆమె హారతి పళ్ళెం పట్టుకుని నిలబడేది. తల ఎత్తేది కాదు. సిగ్గరి అనుకున్నారు అందరూ. కృష్ణమోహన్ కూడా అలాగే అనుకున్నాడు.

తల ఎత్తకపోయినా చెవులు పనిచేసేవి. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులకు వచ్చిన కుర్రాళ్ళు షోరూములోకి వచ్చి మొదట అడిగేది మైలేజీ. సమాధానం విని పక్క వీధిలో విదేశీ కంపెనీ బండ్ల షోరూముకి వెళ్ళిపోయేవారు. ఆడపిల్లలు కిక్కు వంక చూసి నవ్వుకునేవారు. ఒక రాత్రి మొగుడికి అన్నం వడ్డిస్తూ దుర్గాంబ చెప్పింది. "బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి అడుగుతున్నారండీ. పొగ కూడా వద్దంటున్నారు."

"నీకు తెలిసింది హారతి ఇవ్వడం. అది చెయ్యి. పెరుగు వెయ్యి" అన్నాడు కృష్ణమోహన్.

అమ్మకాలు పడిపోయిన ఏడే ఆమెకు నెలసరి పూర్తిగా ఆగిపోయింది. అత్తగారు ఆ రెండూ కలిపి ముడేసింది. "పచ్చదనం పోయాక ఆ చేతిలో ఇంకేముంటుందిరా?" అంది కొడుకుతో, దుర్గాంబ అక్కడే కూర తరుగుతుండగా. కృష్ణమోహన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. అవుననలేదు. కాదనలేదు. ఆ మౌనాన్నే ఇంటిల్లిపాదీ అవునన్నట్టు తీసుకున్నారు. దుర్గాంబ కూడా. రాత్రిళ్ళు అరచెయ్యి దీపం దగ్గర పెట్టి చూసుకునేది.

పోయిన వారం అజ్మత్ అలీ ఇంటికి వచ్చాడు. మామగారి కాలం నుంచి షోరూములో ఉన్న మెకానిక్కు. మాసబ్ ట్యాంక్ దగ్గర సొంత దుకాణం పెట్టుకుంటున్నానని చెప్పడానికి మిఠాయి డబ్బా తెచ్చాడు.

"నా చెయ్యి ఇలా అవకపోతే నువ్వు వెళ్ళాల్సి వచ్చేది కాదేమో అలీ" అంది దుర్గాంబ.

"మీ చెయ్యా? గదేం మాటమ్మా!" అజ్మత్ అలీ నవ్వాడు. "షాహీన్ బంద్ చేస్తమని పోయిన దసరా ముందుగాల్నే ఫ్యాక్టరీ మీటింగుల చెప్పిండ్రు కదా. పొగ మీద కొత్త కానూన్ వచ్చింది, బయటి కంపెనీలతోని పోటీ మనతోని కాదు అన్నరు. నేను సాబ్‌ను తీస్కపోయిన. సాబ్ పక్కనే ఉన్న." ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "సాబ్ చెప్పలేదా అమ్మా?"

చెప్పలేదు. పోయిన దసరా తర్వాత ఎన్ని శుక్రవారాలు పస్తు ఉందో ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి కడుపు ఒప్పుకోలేదు.

ఇవాళ పంజగుట్టలో అదే షోరూముకు కొత్త బోర్డు. విదేశీ కంపెనీ బండ్లు. హారతికి మరిది భార్గవ్ భార్య హైందవిని ఖాయం చేశారు. తేదీ అటూ ఇటూ అవుతుందేమోనని అత్తగారు నెలసరి వాయిదా వేసే మాత్రలు తెప్పించి ఇచ్చింది. హైందవి వాటిని తెచ్చి దుర్గాంబకు చూపించింది. "వేసుకోనా అక్కా?"

"వద్దు" అంది దుర్గాంబ. ఆ ఒక్క మాటే.

పిండి రుబ్బడం అయ్యేసరికి కృష్ణమోహన్ వచ్చాడు. పట్టు పంచె, నుదుట బొట్టు, చెమట.

"హైందవి బయట చేరిందట. గంటలో ముహూర్తం. కంపెనీ వాళ్ళు వచ్చేశారు, అమ్మ కూడా అక్కడే ఉంది. నువ్వు చీర మార్చుకుని రా."

"నా చెయ్యి మంచిది కాదుగా."

"ఇప్పుడా ఆ మాటలు?"

"మరెప్పుడండీ?" దుర్గాంబ చేతికంటిన పిండి కడుక్కుంది. "దసరా ముందు మీటింగు సంగతి అజ్మత్ అలీ చెప్పాడు."

కృష్ణమోహన్ గుమ్మం పట్టుకున్నాడు. "నాన్న పెట్టిన వ్యాపారం మునిగిపోతోందంటే అమ్మ తట్టుకోగలదా? నువ్వే చెప్పు."

"నా చెయ్యి వల్ల అంటే తట్టుకున్నారుగా."

"ఆవిడకు ఏదో ఒక కారణం కావాలి కదా."

"అందుకని నింద నా మీద పడనిచ్చారు."

అతను గడియారం చూశాడు. ఆమె గొంతు పెంచలేదు. "పదిమందిలో అక్కర్లేదు. అత్తయ్య ఒక్కరికే చెప్పండి. ఇది ఫ్యాక్టరీ సంగతి, దుర్గాంబ చేతిది కాదని. చెప్పి కారు పంపండి. వస్తాను."

అతను వెళ్ళాడు. దుర్గాంబ బీరువాలోంచి చీర తీసి మంచం మీద పెట్టుకుంది. వీధిలో హారన్ వినిపించినప్పుడల్లా కిటికీ దాకా వెళ్ళింది. పాలవాడి వ్యాను. ఎవరిదో ఆటో. గంట అవుతుండగా చీర తిరిగి బీరువాలో పెట్టేసింది. పెనం పొయ్యి మీద పెట్టి, నూనె వేసి, గరిటెడు పిండి గుండ్రంగా తిప్పింది. ఉల్లిపాయలు, అల్లం, జీలకర్ర. మొదటి అట్టు హైందవి గదికి తీసుకెళ్ళి ఇచ్చింది. రెండోది తాను వేసుకుని వంటింటి పీట మీద కూర్చుంది.

రెండు ముక్కలు తిన్నాక ఫోను మోగింది.

"ఏమే, వస్తున్నావా లేదా?" అత్తగారు. వెనుక సన్నాయి. "వీణ్ణి అడిగితే నోరు మెదపడు. ఏం చేస్తున్నావు ఇంట్లో?"

"పెసరట్టు తింటున్నాను అత్తయ్యా."

"ఇవాళ శుక్రవారం కదే!"

"తెలుసండీ. ఎందుకు తింటున్నానో మీ అబ్బాయిని అడగండి."

ఫోను అలాగే పట్టుకుని ఉంది దుర్గాంబ. అత్తగారు అడగడం వినిపించింది. ఏరా, దాని చెయ్యి సంగతేంటి, అసలేం జరిగింది? సన్నాయి ఆగింది. ఆ తర్వాత కృష్ణమోహన్ గొంతు, తగ్గించి, పళ్ళు బిగపట్టి.

"ఆ హారతి పళ్ళెం ఇటివ్వమ్మా, నేనే ఇస్తాను. ఆ చెయ్యి మాట మాత్రం నా దగ్గర ఎత్తొద్దు. ఇవాళ కాదు, ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేను చచ్చేదాకా దాని గురించి మాట్లాడను."