మూడు గెంతుల గీతలు

నేను ఒక భూకంపాల యంత్రాన్ని. ఒక బరువు, ఒక సూది, తిరిగే డబ్బా, దానికి చుట్టిన మసి పూసిన కాగితం. నా ఒళ్లు అంతే. నేల కదిలితే సూది గీత గీస్తుంది.

మొదట నన్ను పట్నంలో రోడ్డు పక్క ఆఫీసులో పెట్టారు. పోయే ప్రతి లారీనీ రాశాను. లారీలను ఏమీ అనలేదు, నన్నే తిట్టి ఈ రాతిగుట్ట మీది గదికి తెచ్చారు.

ఇక్కడ నన్ను చూసుకునేది ఓదేలు. చెప్పులు బయట విడిచి, ఊపిరి బిగబట్టి వచ్చి, రోజూ ఎనిమిదింటికి కాగితం మారుస్తాడు. అతని ముందున్నవాడు నా పక్కన బస్తా పడేసి, ఆ అదురుకు గీత చెడగొట్టి, నౌకరీ పోగొట్టుకున్నాడు.

ఒక ఉదయం భూమి లోపలినుంచి అల వచ్చింది. సూది ఇంకా ఊగుతుండగానే పక్కగదిలోని ఆఫీసు ఫోను మోగింది. ఓదేలు కూతురికి, పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఆడపిల్ల పుట్టిందట. అరవైకి దగ్గరపడిన ఆ మనిషి నా గుమ్మంలో గెంతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

మర్నాడు కాగితం చూసి ఆఫీసరు విమలమ్మ నొసలు ముడిచారు. భూకంపం పంపే రెండు అలల్లో మొదటిది ఉంది, వెనకాల రావలసిన రెండోది లేదు. గదిలోకి ఎవరైనా వచ్చారా అని అడిగారు. ఓదేలు అబద్ధమాడి బయటపడొచ్చు. ఆడలేదు.

"నేనే మేడం. మనుమరాలు పుట్టిందంటె ఎగిరిన. దాంతోనే చెడిపోయింది. నౌకరి తీసేసినా మంచిదే."

ఆమె భూతద్దం పెట్టారు. గెంతులు మూడూ ఉన్నాయి, చీమలంత. వాటి తర్వాత కూడా నా గీత చక్కగానే సాగింది. ఈలోగా తంతి వార్త వచ్చింది. భూకంపం దక్షిణ అమెరికాలో, భూమికి దాదాపు అవతలి వైపున. విమలమ్మ మొహం విప్పారింది.

"నీ తప్పు లేదు ఓదేలూ. భూమి నడుమ కరిగిన ఇనుముంది. తోసుకుంటూ పోయే అల అందులోంచి వచ్చేసింది. అటూ ఇటూ ఊగుతూ పోయేది గట్టిదాంట్లోనే నడుస్తుంది, అందుకే అక్కడే ఆగిపోయింది. అది రాలేదు కాబట్టే లోపల ఏముందో తెలుస్తోంది."

ఓదేలు వంగి కాళ్ల కింది బండను తడిమి చూశాడు.

"అయితే రెండు దినాలు సెలవియ్యుండ్రి మేడం. పిల్లను సూసొస్త."

ఆమె నవ్వి సెలవిచ్చారు. అతను అప్పుడే గుట్ట దిగుతున్నాడు. ఆమె పెన్సిలు తీసి, అన్ని భూకంపాలకూ రాసినట్టే, ఆ మూడు గీతల పక్కన వేళ, చోటు, కారణం రాశారు. ఇప్పుడు మ్యూజియంలో నా పక్కన అద్దం కింద ఉన్నది ఆ కాగితమే.

"ఉదయం తొమ్మిదిన్నర. గుమ్మం. మనుమరాలు."